అంబాసిడర్‌కి ఎంజీబీ వాల్వులా?

మన ఐటీ వాళ్ళకి ఈ మధ్య ఒక కొత్త జబ్బు పట్టుకుంది. ఊళ్ళో గడ్డివాము పక్కన పడున్న తాతల కాలం అంబాసిడరో, పద్మినీయో లాక్కొచ్చి బాగుచేయించడం. అక్కడితో ఆగితే మంచిదే. జబ్బు ముదిరాక కనిపించే రెండో లక్షణం, హెడ్డు దించి పెద్ద వాల్వులు వేయించడం. "పెద్ద వాల్వంటే ఎక్కువ గాలి, ఎక్కువ గాలంటే ఎక్కువ పవరు" అని లంచ్ టైములో తేల్చి పారేస్తారు. నేనూ ఆ బాపతే లెండి. లక్షన్నర చేతి చమురు వదిలించుకున్నాను కాబట్టే ఇంత ధైర్యంగా తిడుతున్నాను.

మాది ఉయ్యూరు పక్కన పల్లెటూరు. తాతయ్య 1973లో కొన్న మార్క్ 2 అంబాసిడర్ ఉంది. ఇంజను 1489 సీసీ, బ్రిటిష్ వాళ్ళ బీఎంసీ బీ సిరీస్. 1955లో బ్రిటన్‌లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారుకీ ఈ కుటుంబం ఇంజనే, సరిగ్గా అదే 1489 సీసీ. మనది యాభై చిల్లర హార్స్ పవర్ ఇస్తే, అది మొదట 68, తర్వాత 72 ఇచ్చింది. ఈ ముక్క చదవగానే నాకు పూనకం వచ్చేసింది. మెకానికల్ చదివి జావా రాసుకుంటున్నవాడికి ఇంకేం కావాలి :-)

బెజవాడ ఆటోనగర్లో తాతయ్య కాలం నుంచీ మా బండి చూసే మేస్త్రీ గారిని అడిగాను. "ఒద్దబ్బాయ్. ఉన్న వాల్వులకే సీట్లు కొట్టించుకో, చాలు" అన్నారు. "ఎందుకొద్దు బాబాయ్?" అంటే "అదంతే" అన్నారు. అదంతే అంటే మనకి ఆనుతుందా? లెక్క చూపించని వాడికి ఏమీ తెలీదనేది కదా మన సిద్ధాంతం. బెంగళూరులో ఒక షాపుకి (పేరు అనవసరం) హెడ్డు పట్టుకెళ్ళాను. వాళ్ళు ఎంజీబీ కొలతలు వేద్దామన్నారు. ఇన్‌లెట్ 1.56 అంగుళాలు, ఎగ్జాస్ట్ 1.34. చార్టు కూడా చూపించారు. చార్టు చూపిస్తే మనం పడిపోతాం.

నేను చెయ్యాల్సిన లెక్క ఒక్కటే, అదీ ఐదో తరగతి కూడిక. 1.56, 1.34 కలిపితే 2.90 అంగుళాలు, అంటే 73.6 మిల్లీమీటర్ల పైమాట. మా ఇంజను బోరు, అంటే సిలిండర్ వ్యాసం, 73.02. పక్కపక్కన ఉండే రెండు వాల్వులు కలిపి సిలిండర్ కంటే వెడల్పు! ఎంజీబీకి 80 మిల్లీమీటర్ల బోరు ఉంది కాబట్టి దానికి చెల్లింది. అదే ఎంజీఏ 1500లో 1.50, 1.28 పెట్టారు. కలిపితే 70.6, బోరు లోపలే. ఇంజను గీసినవాళ్ళు వెర్రివాళ్ళేం కాదు. షాపువాళ్ళు ఏం చేశారయ్యా అంటే, వాల్వు తగలకుండా బ్లాకు అంచునే కొంచెం చెక్కేశారు. చెక్కినా ఒరిగేదేముంది? గోడకి ఆనుకుని తెరుచుకునే వాల్వుకి ఆ పక్క నుంచి గాలి దూరదు. తలుపు పెద్దది చేసి దానికి అడ్డంగా బీరువా పెట్టుకున్నట్టు.

ఇంకో సంగతి. ఈ హెడ్డులో నాలుగు సిలిండర్లకి ఇన్‌లెట్ దారులు రెండే. ఒకటి, రెండు సిలిండర్లకి ఒకటి, మూడు, నాలుగుకి ఇంకోటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. అంటే రెండోది గాలి పీల్చడం పూర్తవకముందే ఒకటోది అదే దారిలో నోరు తెరుస్తుంది. ఒకళ్ళ వాటా ఇంకొకళ్ళు లాగేసుకుంటారు. డేటాబేస్‌కి రెండే కనెక్షన్లు ఉంచి, సర్వర్లో థ్రెడ్లు పెంచి, స్పీడు రాలేదేంటని జుట్టు పీక్కునే వాళ్ళని మనం ఆఫీసులో ఏమంటాం? ఇంట్లో మాత్రం అదే పని చేస్తాం.

సరే, బోరూ సరిపోయింది, దారీ సరిపోయింది అనుకుందాం. అప్పుడైనా పెద్దది ఎందుకు? వాల్వు వ్యాసం 10 శాతం పెంచితే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. అదే ఆర్పీఎం దగ్గర అక్కడ గాలి వేగం 17 శాతం పడిపోతుంది. 5500 ఆర్పీఎం దగ్గర పరిగెత్తే ఎంజీఏకి ఈ బేరం లాభమే, దానికి రెండు కార్బరేటర్లు, వేరే క్యామ్ షాఫ్టు కూడా ఉన్నాయి మరి. మా బండి బెంజి సర్కిల్ నుంచి ఉయ్యూరు దాకా రెండు, రెండున్నర వేలు దాటదు. ముందు ఆటో, వెనక లారీ, కంకిపాడులో గేదెలు. మహా అయితే అరవై.

డెల్టా వాళ్ళకి ఇది నేను చెప్పాలా అసలు? బోదె అంతే ఉంచి తూము వెడల్పు చేస్తే చేలోకి నీళ్ళు ఎక్కువ పారతాయా? పారవు సరికదా, ప్రవాహం నెమ్మదించిన చోట ఒండ్రు మేట వేస్తుంది. కార్బరేటర్ ఇంజనులో పెట్రోలు సన్న తుంపరగా గాలిలో తేలుతూ రావాలి. గాలి మందగిస్తే ఆ తుంపర గోడలకి అంటుకుపోతుంది. పికప్ పోయేది అక్కడే. మా బండి ఇదివరకు కనకదుర్గ ఫ్లైఓవర్ టాప్ గేర్లో ఎక్కేది. పెద్ద వాల్వులు వేశాక మూడోదిలోకి దించాల్సి వచ్చింది. పక్కసీట్లో తాతయ్య ఏమీ అనలేదు, అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మే నెలలో అసలు కథ. రెండు, మూడు సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కనే ఉంటాయి, పొగ దారి కూడా రెండిటికీ ఒక్కటే. హెడ్డు మొత్తంలో ఎక్కువ కాలే చోటు అది. పెద్ద వాల్వుల కోసం సీట్లు వెడల్పు చేసేసరికి మధ్యలో ఇనుము పల్చబడింది. సరిగ్గా అక్కడే చీలింది. యాభై ఏళ్ళు నిలబడిన హెడ్డు ఏడాది నిండకుండా పోయింది.

"అయితే అసలు ఏమీ మార్చకూడదా?" అంటారు. మార్చండి, కానీ సైజు కాదు. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలుకి మారింది. పాత ఇంజన్లలో వాల్వు సీట్లు అరగకుండా కాపాడింది ఆ సీసమే. కాబట్టి గట్టి ఎగ్జాస్ట్ సీటు రింగులు కొట్టించడం ఇప్పుడు సోకు కాదు, అవసరం. గైడ్లు అరిగి ఉంటే వెయ్యండి, లేకపోతే ఎంత బాగా కోసిన సీటైనా నాలుగు నాళ్ళే. సీటు మూడు కోణాల్లో కోయించండి, ఉన్న వాల్వే ఇంకా బాగా ఊపిరి పీలుస్తుంది. మ్యానిఫోల్డ్ రంధ్రాలు, హెడ్డు రంధ్రాలు గాస్కెట్ దగ్గర ఎగుడుదిగుడు లేకుండా కలిపించండి. ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కాబట్టి పాత జెట్టుతో మిశ్రమం పల్చబడుతుంది, ఎగ్జాస్ట్ వాల్వు మీద వేడి పెరుగుతుంది. జెట్టు చూసుకోండి, రబ్బరు పైపులు కూడా.

ఇంకొకటి, 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే బండికి యాభై ఏళ్ళు దాటడమే కాదు, అసలు రూపంలో కూడా ఉండాలి. ఇంజను చెక్కేసుకుని తర్వాత వింటేజ్ నెంబరు కోసం తిరిగేవాళ్ళని చూసి నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు.

మేస్త్రీ గారి మీదా నాకు కోపం ఉంది, దాచుకోను. ఆ "అదంతే"కి బదులు చాక్‌పీసుతో నేల మీద రెండు సున్నాలు గీసి, చుట్టూ ఒక పెద్ద సున్నా గీసి చూపిస్తే నా లక్షన్నర మిగిలేది. ఆటోనగర్లో ఇంత విద్య ఇలా "అదంతే"ల్లోనే మిగిలిపోయింది. అయినా తప్పు నాదే, మరోసారి గట్టిగా అడగలేదు.

చివరికి ఆయనే ఒక పాత హెడ్డు సంపాదించి, వాల్వులు మార్చకుండా సీట్లు కొట్టి బిగించారు. చెక్కిన బ్లాకు మాత్రం అలాగే ఉంది. ఫ్లైఓవర్ మళ్ళీ టాప్ గేర్లో ఎక్కుతోంది. మిగిలిన ఎనిమిది ఎంజీబీ వాల్వులు హార్లిక్స్ సీసాలో ఆయిల్ పోసి ఉంచాను. ఎవరి దగ్గరైనా నిజంగా ఎంజీబీ ఉంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తాను.