దిగుటకు ముందు పరీక్ష

విత్తనమును మొలక పరీక్ష చేయనిదే విత్తవలదని మేము గ్రామగ్రామమునను చెప్పుచున్నాము. కాటాకు తూనికలు కొలతల శాఖవారి ముద్ర లేనియెడల ఏ రైతును తన ధాన్యమును దానిపై తూయనీయడు. ఇంత జాగరూకత గల మనము, మనుష్యుని ప్రాణమును కాపాడవలసిన గ్యాసు డిటెక్టరును మాత్రము పరీక్షింపకయే నమ్ముట తగునా?

2023 ఫిబ్రవరి 9వ తేదీన, మన పిఠాపురమునకు పొరుగుననున్న పెద్దాపురము మండలములోని జి. రాగంపేటలో, నూనె ట్యాంకును శుభ్రపరుప దిగిన కూలీలు ఏడుగురు ఊపిరాడక మరణించిరి. ఇట్టి యాపద కర్మాగారములకే పరిమితము కాదు. పాడునూతులలోను, మరుగుదొడ్ల ట్యాంకులలోను, గోబరుగ్యాసు గోతులలోను ప్రాణవాయువు తగ్గుటయు విషవాయువు చేరుటయు కలదు. పురుగు పట్టకుండ బిళ్లలు పెట్టి మూసిన ధాన్యపు గోదాములలో ఫాస్ఫీను నిలిచియుండును.

పూర్వము మన పెద్దలు పాడునూతిలోనికి లాంతరు దించి, అది ఆరినచో దిగకుండెడివారు. మంచి వాడుకయే గాని యది చాలదు. మీథేను ఉన్నచోట దీపమే ప్రమాదము. హైడ్రోజన్ సల్ఫైడును దీపము పట్టియీయదు. ఆ వాయువు గాలిలో పదిలక్షల పాళ్లకు నూరు పాళ్లకు చేరినచో ముక్కునకు వాసన పట్టు శక్తియు నశించును. కావుననే డిటెక్టరు కావలసివచ్చినది.

అయితే డిటెక్టరులోని సెన్సార్లు బీరువాలో నున్నను కాలక్రమమున క్షీణించును. మండు వాయువులను కనిపెట్టు సెన్సారు, సిలికోను కలిసిన కందెనల ఆవిరి సోకినచో, పైకి తెలియకుండగనే చెడిపోవచ్చును. మంచి గాలిలో అది సున్న చూపును. చెడిపోయిన పిమ్మట విషపు గోతిలోను సున్నయే చూపును. ఈ రెండు సున్నలకును గల భేదము కంటికి తెలియదు. పరికరమే లేనివాడు భయపడి జాగ్రత్తపడును. చెడిన పరికరము గలవాడు ధైర్యముగా దిగి మరణించును.

పరీక్ష కష్టమైనది కాదు. తెలిసిన పాళ్లలో వాయువులు నింపిన చిన్న సిలిండరు నుండి కొంచెము వాయువును డిటెక్టరునకు సోకించవలెను. గంట మ్రోగి దీపము వెలిగినచో వాడవచ్చును. లేనియెడల ఆ దినము దానిని ముట్టరాదు. పని గల ప్రతిదినమును దీనిని చేయవలెను. తయారుచేసినవారు చెప్పిన గడువున కొలతలు సరిచేయించుట వేరు. దానివలన ఈ దినపరీక్ష అక్కరలేకపోదు. సిలిండరునకును గడువు తేదీ కలదు, దానిని చూచుకొనవలెను.

సిలిండరునకు ఖర్చగునని కొందరనవచ్చును. నూతిలో దిగువాడు సామాన్యముగా మనము కాదు, మనము పిలిచిన కూలివాడు. ఖర్చు తగ్గించుకొనునది మనము, ప్రాణమొడ్డునది వాడు. మరుగుదొడ్డి ట్యాంకులోనికి రక్షణ సాధనములు లేక మనుష్యుని దింపుట 2013 నాటి చట్టమును బట్టి నేరమే యని కూడ మరువరాదు.

కావున మా అభిప్రాయమిది. ప్రతి సంఘమును డిటెక్టరుతోపాటు పరీక్షా సిలిండరును కొనవలెను. ఒక రిజిష్టరులో తేదీయు ఫలితమును వ్రాయవలెను. పరీక్ష దిగువాని కన్నులయెదుటనే జరుగవలెను. గంట మ్రోగుట తాను వినని యెడల దిగనని చెప్పు హక్కు వానికుండవలెను. పిమ్మట డిటెక్టరును త్రాటితో పైన, నడుమ, అడుగున నిలిపి చూచి, అంతయు బాగుగనున్నప్పుడే మనిషిని దింపవలెను. రాబోవు మహాజనసభలో సభ్యులు దీనిని తీర్మానించెదరని నమ్ముచున్నాము.