బారాత్ గుర్రానికి షజ్రా ఏది?

మొన్న ఎండాకాలం కాళేశ్వరంలో మా చాచా మనుమడి షాదీ అయింది. దుల్హా వాళ్ల అబ్బా నాకు ఫోన్ చేసి, “భాయిజాన్, మీరు పేపరోళ్లు, మీకు అందరూ ఎరుకే. బారాత్‌కి అసలైన అరబీ ఘోడీ కావాలె. ఖర్చు గురించి ఫికర్ చెయ్యొద్దు” అన్నాడు. వెతికి పెట్టాను. అడ్వాన్స్ నా జేబులోంచే ఇచ్చాను. ఆ తర్వాత జరిగిన దానిలో నా గునాహ్ కూడా ఉంది. అది ముందే ఒప్పుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నా.

తెల్ల ఘోడీని డీసీఎంలో నిలబెట్టి తెచ్చారు. గోదావరి, ప్రాణహిత రెండూ కలిసే ఊరు అది. అంత నీళ్లున్న చోట ఆ బేజుబాన్ ముందు ఒక బకెట్ నీళ్లు పెట్టినవాడు లేడు. తలకి తురాయి, వీపు మీద తళుకుల జీను, చెవుల పక్కన డీజే. ఇంకా సెగలు కక్కుతున్న తారు రోడ్డు మీద లాడం జారి మోకాళ్ల మీద పడింది. దుల్హాకి ఏం కాలేదు, అందరూ అల్హమ్దులిల్లా అన్నారు. ఘోడీ మోకాలు చీరుకుపోయి నెత్తురు కారింది. వీడియోలో ఆ ముక్క కత్తిరించారు.

గుర్రం తోలుకొచ్చిన పిల్లాణ్ణి అడిగాను. “బేటా, దీని తల్లి ఎక్కడిది?”

“మాలూమ్ నహీ సాబ్. మా సేఠ్ ఏదో సంతలో కొన్నాడు. ఎవరడిగినా అరబీ అని చెప్పమన్నాడు.”

మా దాదా వరంగల్ స్టేషన్ దగ్గర టాంగా తోలేవాడు. వేలిముద్ర మనిషి. కానీ తన ఘోడీ తల్లి, నానీ, ఆ నానీ తల్లి దాకా నోటికి చెప్పేవాడు. ఏది ఎండకి ఓర్చింది, ఏది దమ్ము తక్కువది, దేనికి కాళ్లు బలం, అన్నీ యాదిలో ఉండేవి. సవారీ దించాక ఘోడీ ముందుకాలి మోచేతి వెనక, ఎడమవైపు, అరచెయ్యి పెట్టి నిలబడేవాడు. గుండె దడ తగ్గితేనే దాణా. ఆయన టాంగాకి కట్టింది దక్కనీ టట్టు. దానికి అరబీ అని పేరు పెట్టాల్సిన అవసరం ఆయనకి ఎన్నడూ రాలేదు.

గుర్రం పేరెత్తితే మన ఛాతీ ఉబ్బుతుంది. సూరె ఆదియాత్ పరుగెత్తే గుర్రాల మీద ఒట్టుతో మొదలవుతుందని పిల్లలకి చెప్తాం. హైదరాబాద్‌లో ఫస్ట్ లాన్సర్ ఉంది. ఏసీ గార్డ్స్ ఉంది, అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. జీను, రికాబు, లగాము, సవారీ, దాణా లాంటి మాటలు తెలుగులోకి మన జుబాన్ నుంచే వచ్చాయని నేను కూడా తెలుగు డిగ్రీలో ఉన్నప్పుడు దోస్తుల ముందు ఫఖ్ర్‌గా చెప్పుకున్నా. మహల్లాల పేర్లు మిగిలాయి, మాటలు మిగిలాయి. గుర్రం ఏది?

గుర్రాన్ని కొనడం, నస్ల్‌ని కాపాడటం ఒకటి కాదు. ఈ గలతీ మన కాలంలో పుట్టింది కాదు. కాకతీయుల చివరి రోజుల్లో, 1310లో, మలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించాక ప్రతాపరుద్రుడు ఇచ్చుకున్న గుర్రాలు 7000 అని బరనీ రాశాడు. గుర్రాల గిన్తీ ఉంది. వాటిలో ఒక్కదాని తల్లి పేరు నాకెక్కడా కనిపించలేదు. ఆ కాలంలోనే మన తీరం చూసి రాసిన మార్కో పోలో, దక్షిణాన తమిళ తీరం గురించి ఇంకో మాట చెప్పాడు. అరబ్ తీరాల నుంచి ఏటా వేల గుర్రాలు దిగేవట, సంవత్సరం తిరిగేసరికి చాలావరకు చచ్చిపోయేవట. వాటిని చూసుకునే ఇల్మ్ ఇక్కడ లేదు. అమ్మే తాజిర్లు నాల్‌బందులను ఇటు రానిచ్చేవారు కాదు. గుర్రం చస్తేనే కదా మళ్లీ గుర్రం అమ్ముడయ్యేది! డబ్బు పోసి జంతువుని తెచ్చుకున్నాం, ఇల్మ్‌ని తెచ్చుకోలేదు. కాళేశ్వరం బారాత్ దాకా నడిచింది అదే కథ.

అరబీ నెత్తురుని నిజంగా కాపాడినవాళ్లు ఎలా కాపాడారో చూడండి. హంగరీలో బాబోల్నా అనే గుర్రాల ఫారం 1789లో మొదలైంది. ఫౌజుకి ఓర్పున్న గుర్రం కావాలి. 1836లో సిరియా నుంచి, బనూ సఖ్ర్ కబీలా పెంచిన ఒక మగ గుర్రాన్ని కొని తెచ్చారు. దాని పేరు షాగ్యా. అక్కడి ఘోడీలతో కలిపారు. పుట్టిన ప్రతి పిల్లనీ దఫ్తరులో ఎక్కించారు. దాని వంశంలో వారసులకి అదే పేరు, పక్కన నంబరు. ఫౌజు పనిలో నిలిచిందే ముందుకు సాగింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఎన్నో గుర్రాలు పోయాయి, దఫ్తరు ఉంది కాబట్టి మిగిలిన వాటితో మళ్లీ మొదలుపెట్టారు. 1978లో అరబీ గుర్రాల ప్రపంచ సంస్థ షాగ్యా అరబ్‌ని ప్రత్యేక నస్ల్‌గా ఒప్పుకుంది. ఇప్పుడు దాన్ని దూరపు సవారీ పోటీల కోసం పెంచుతున్నారు.

ఆ పోటీల దస్తూర్ కూడా తెలుసుకోవాలి. ఒక్క రోజులో 160 కిలోమీటర్ల దాకా ఉంటాయి. మధ్యమధ్య ఆపి పశువుల డాక్టర్ చూస్తాడు. ఇచ్చిన నిమిషాల్లో గుండె వేగం 64కి దిగాలి. కుంటినా, చర్మం లాగి వదిలితే వెనక్కి పోకపోయినా, పేగుల చప్పుడు తగ్గినా, ఇంటికే. ముందొచ్చినవాడు కూడా డాక్టర్ సరే అంటేనే గెలిచినట్టు. మా దాదా అరచేతి ఇల్మే అది.

అరబ్బులు చేస్తే అంతా సరే అనుకోకండి. గుర్రాల కాళ్లు విరిగేలా ఈ పోటీలు నడుపుతున్నారని 2015లో ఎమిరేట్స్ ఫెడరేషన్‌ను అంతర్జాతీయ సంస్థ సస్పెండ్ చేసింది. జుల్మ్ ఎవరు చేసినా జుల్మే.

“ఇదంతా నవాబుల షౌఖ్, మనలాంటి గరీబోళ్లకి ఎందుకు” అంటారా? దక్కన్‌లోనూ ఇదే నుస్ఖా నడిచింది. అరబీ తండ్రులు, ఇక్కడి టట్టు తల్లులు. పొట్టిది, గట్టిది, తక్కువ మేతతో ఎక్కువ దూరం పోయేది. మరాఠా ఫౌజులు దాని మీదే మొఘలులను ముప్పుతిప్పలు పెట్టాయి. భీమా నది ఒడ్డుది కాబట్టి భీమ్‌థడీ. దాన్ని ఇవాళ్టిదాకా నిలిపింది నవాబులు కాదు, గొర్రెల వెంట సామాను మోయించుకుంటూ తిరిగే ధన్‌గర్ గొల్లలు. వాళ్ల మెహనత్ వల్లే ఈ మధ్య కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో దానికి నస్ల్‌గా గుర్తింపు ఇచ్చింది. ఆంధ్ర నుంచి మాచర్ల గొర్రెకీ దొరికింది. మనం ఏ గుర్రానికి తెప్పించాం? నాందేడ్ జిల్లా మాళేగావ్ జాతరలో గుర్రాల సంత నేటికీ జరుగుతుంది. అది ఒకప్పటి నిజాం ఇలాఖానే. నాందేడ్ దాటొచ్చే గోదావరే కాళేశ్వరం చేరుతుంది. గుర్రం ఇల్మ్ మాత్రం మన దాకా రాలేదు.

“నస్ల్ గొప్పలు ఇస్లాంలో లేవు కదా సాబ్” అని ఒక దోస్త్ అన్నాడు. సహీ. కానీ రిష్తా మాట్లాడేటప్పుడు సయ్యదులా, షేకులా, దూదేకులా అని ఏడు తరాలు తవ్వేది ఎవరు? మనిషి దగ్గర అడగకూడని షజ్రా అడుగుతాం, గుర్రం దగ్గర అడగాల్సిన షజ్రా అడగం. మనిషి షజ్రాలో గురూర్ ఉంది. గుర్రం షజ్రాలో అమానత్ ఉంది.

కాబట్టి నా మాట ఇది. ఇకమీద మన ఖాందాన్‌లో ఏ షాదీకైనా గుర్రానికి నా చేత్తో పైసా ఇవ్వను. మీరు తెప్పించుకుంటే మాత్రం ఎండ దిగాక, కొద్ది దూరం, డీజే లేకుండా, ముందూ వెనకా నీళ్లు పెట్టి నడిపించండి. దాని తల్లి ఏది, వయసెంత, ఈ వారంలో ఎన్ని బారాతులు మోసింది అని అడగండి. జవాబు లేకపోతే కారులో వెళ్లండి, నికాకి ఏ నుక్సానూ రాదు. పొలమూ పైసా ఉండి షౌఖ్ ఉన్నవాళ్లు తళుకుల అరబీ కోసం దుబాయ్ వైపు చూడకుండా రెండు భీమ్‌థడీ ఘోడీలను పెంచండి. వాటికి రోజూ దూరం నడిచే పని ఇవ్వండి. పుట్టిన పిల్లని అదే రోజు రిజిస్టర్‌లో రాయండి.

ఆ రాత్రి దుల్హా లోపలికి వెళ్లాక ఘోడీ దగ్గరికి వెళ్లి దాదా చేసినట్టే మోచేతి వెనక చెయ్యి పెట్టాను. ఆగి అరగంట అయింది. గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టాను. 76. పోటీలో అయితే దాన్ని అక్కడే ఆపేసేవారు. మా బారాత్‌లో ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు.