హోటలు పార్సెలూ, అడ్డాకు విస్తరీ

పార్వతీపురం కానీయండి, సాలూరు, పాలకొండ కానీయండి, ఉదయం ఏడు గంటలకు బస్సు దిగిన రైతు కళ్లు ముందుగా వెతికేది టిఫిను హోటలునే. సంతకో, ఆస్పత్రికో, ఆఫీసు పనికో వచ్చినవాడు తాను నాలుగు ఇడ్లీలు తిని, ఇంటి దగ్గర పిల్లలకని మరో రెండు ప్లేట్లు పార్సెలు కట్టించుకుంటాడు. ఇడ్లీలు ఒక ప్లాస్టిక్ కాగితంలో, కొబ్బరి చట్నీ ఒక కవరులో, అల్లం చట్నీ ఇంకో కవరులో, పొగలు కక్కే సాంబారు మరో కవరులో, అన్నీ కలిపి ఒక చేతిసంచీలో. అయిదు నిమిషాల ఫలహారానికి అయిదు ప్లాస్టిక్ ముక్కలు. తిన్న తర్వాత వాటినేమి చేయాలో హోటలు యజమానికి తెలియదు, తిన్నవారికి తెలియదు, పంచాయతీకి అంతకన్నా తెలియదు. వీధి చివర నిలబడిన పశువుకు మాత్రం తెలుసు.

మేక పెదవులతో ఏరుకుని తింటుంది. ఆవు, గేదె అలా కాదు, నాలుకతో చుట్టి లోపలికి లాగేస్తాయి. ఉప్పూ పులుపూ అంటిన కవరును ముడి విప్పి చట్నీ మాత్రమే తినే తెలివి పశువుకు లేదు. కవరు పొట్టలోకి పోతుంది గాని అరగదు, నెమరుకు రాదు, పేడలో పోదు. అక్కడే పేరుకుని ముద్దకడుతుంది. పశువు మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి, పొట్ట ఉబ్బుతుంది. రైతు దిష్టి తగిలిందనుకుంటాడు. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ అనే జంతుసంరక్షణ సంస్థవారు వీధి పశువులకు ఆపరేషను చేయించినప్పుడు ఒక్కొక్క దాని పొట్ట నుంచి పదుల కిలోల ప్లాస్టిక్కు బయటపడింది. ఆ సంస్థే ఈ విషయమై 2012లో సుప్రీంకోర్టు గడప తొక్కింది. పట్నం వీధుల్లో తిరిగేవన్నీ ఎవరికీ చెందని పశువులనుకోవటం పొరపాటు. శివారు పల్లెల వారు పొద్దున్నే పాలు పిండుకుని వదిలేసినవే వాటిలో చాలా ఉంటాయి. సాయంత్రానికి అవి ఇంటికి చేరతాయి, పొట్టలో హోటలు కవర్లతో సహా.

చట్టం లేదా అంటే ఉంది. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్లేలు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, ట్రేలు, మిఠాయి డబ్బాలపై చుట్టే పల్చటి కాగితం 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. చేతిసంచీల మందం 75 మైక్రాన్లకు తగ్గరాదని 2021 సెప్టెంబరు 30 నుంచి, 120 మైక్రాన్లకు తగ్గరాదని 2022 డిసెంబరు 31 నుంచి నిబంధన. నిబంధన నిబంధనగానే ఉంది, కవరు కవరుగానే ఉంది. అప్పుడప్పుడూ తనిఖీ జరిగితే తోపుడుబండి మీద పునుగులు వేసుకునే మనిషికి జరిమానా పడుతుంది. ఆ బండికి కట్టలకొద్దీ కవర్లు సరఫరా చేసే గోదాము తలుపు ఎవరూ తట్టరు. మొక్కకు నీళ్లు ఆపకుండా ఆకులు తుంచినందువలన ప్రయోజనమేమిటో అధికారులే ఆలోచించుకోవాలి.

ఇక టీ కప్పు సంగతి. ప్లాస్టిక్కు కాదు, కాగితమే కదా అని జనం నిశ్చింతగా తాగుతున్నారు. ఉత్త కాగితమైతే వేడి టీకి క్షణంలో నాని చిరిగిపోవాలి. అలా జరగటం లేదంటే లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉందన్నమాట. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో ప్రకటించిన ఫలితం ప్రకారం 100 మిల్లీలీటర్ల వేడి ద్రవాన్ని అటువంటి కప్పులో 15 నిమిషాలు ఉంచితే సుమారు 25,000 ప్లాస్టిక్ నలుసులు అందులో కలుస్తాయి. గాజు గ్లాసుకు మళ్లమంటే ప్రజలకొక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. ఒకే బకెట్టులోని మురికి నీళ్లలో పొద్దుటి నుంచి రాత్రి దాకా గ్లాసులు ముంచి తీస్తుంటే ఎవరికి తాగబుద్ధి అవుతుంది? కరోనా తర్వాత ఆ జంకు మరింత పెరిగింది. సబ్బుతో తోమి, మరిగే నీళ్లు పోసి తీస్తే కాగితం కప్పు కంటే అదే శుభ్రం. టీ కొట్టులో మరిగే నీటికి కొదవేమీ ఉండదు కదా.

పాత పద్ధతులన్నీ మంచివేనని కూడ చెప్పలేము. పకోడీలు, బజ్జీలు వార్తాపత్రికల్లో పొట్లం కట్టటం తరతరాల అలవాటు. అచ్చు సిరా నూనెలో కరిగి తినేదానికి అంటుతుందని ఆహార భద్రతా సంస్థ దానిని నిషేధించింది. పాత పత్రికలు చదువుకోవటానికో, అలమరలో పరుచుకోవటానికో పనికి వస్తాయి గాని బజ్జీలకు పనికిరావు. ఈ పేజీకీ అదే వర్తిస్తుంది.

అయితే దేనిలో కట్టివ్వాలి? ఈ ప్రశ్నకు సమాధానం కోసం వేరే జిల్లాకు పోనక్కరలేదు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో అడ్డాకు ఉంది. చెట్లను అల్లుకుని పైకి పాకే పెద్ద తీగ అది. ఆకు రెండు రెక్కలుగా విచ్చి, అరచేయంత నుంచి పళ్లెమంత వరకు పెరుగుతుంది. సవర, జాతాపు కుటుంబాల ఆడవారు తెల్లవారకముందే కొండెక్కి కోసుకొస్తారు. ఎండబెట్టి, బరువు కింద పెట్టి చదును చేసి, సన్నటి వెదురు పుల్లలతో గుచ్చి విస్తళ్లు కుడతారు. ఎండిన విస్తళ్ల కట్ట నెలల తరబడి నిలవ ఉంటుంది. వడ్డించే ముందు నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తే మెత్తబడుతుంది. తిన్న తర్వాత గత్తం కుప్పలో వేస్తే ఆ కుప్పలోనే కలిసిపోతుంది. పశువు తిన్నా బాధ లేదు.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో పెళ్లి భోజనమైనా, హోటలు భోజనమైనా అడ్డాకు విస్తరిలోనే. వెండి రంగు పూసిన కాగితం ప్లేట్లు, థర్మోకోలు ప్లేట్లు వచ్చి ఆ స్థానాన్ని ఆక్రమించాయి. కొండ మీద మనిషి రోజంతా కుట్టిన విస్తళ్లకు సంతలో దళారి చెప్పిందే ధర అయింది. గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడింది ఇటువంటి దళారుల బెడద తప్పించటానికే. తేనె, చింతపండు కొన్నంత శ్రద్ధగా అడ్డాకును కూడ కొని, పట్టణాల్లోని హోటళ్లకు నేరుగా అందించే ఏర్పాటు ఆ సంస్థ చేయవలసి ఉంది. కొనేవాడు నిలకడగా ఉంటే ఆకు కోసేవారికి వలస వెళ్లే అవసరం కొంతైనా తగ్గుతుంది. ఇక్కడొక హెచ్చరిక అవసరం. గిరాకీ పెరిగిందని తీగనే నరికి ఆకు దూస్తే రెండేళ్లలో కొండ బోడి అవుతుంది. తీగను ఉంచి ముదురు ఆకు మాత్రమే కోయటం కొండవారికి తెలిసిన విద్యే. కంట్రాక్టరు తొందరపెడితేనే ఆ విద్య పాడవుతుంది. పోతే, రెండాకుల మధ్య ప్లాస్టిక్ కాగితం పెట్టి మిషను మీద నొక్కిన ప్లేట్లు కూడ బజారులో దొరుకుతున్నాయి. పైకి ఆకు, లోపల అదే ప్లాస్టిక్కు. వాటిని కొని పర్యావరణానికి మేలు చేశామని సంతోషించేవారిని చూసి జాలిపడవలసిందే.

ఇడ్లీ, ఉప్మా, పులిహోర ఆకులో కట్టవచ్చు. సాంబారు మాటేమిటని హోటలువారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి ఆకు పనికిరాదు, గిన్నె కావాలి. పూర్వం పాలకు చెంబు, నూనెకు సీసా, కూరకు క్యారేజీ పట్టుకుని వెళ్లినవారే ఈనాడు చేతులూపుకుంటూ హోటలుకు వస్తున్నారు. తప్పంతా యజమానిది కాదు. చేతిలో గిన్నె లేని ఖాతాదారును వెనక్కు పంపితే అతడు పక్క హోటలుకు పోతాడు, యజమాని భయం అదే. కనుక పట్టణంలోని హోటళ్లవారందరూ ఒకేసారి నిర్ణయం తీసుకోవాలి. గిన్నె తెచ్చుకున్నవారికి పార్సెలుపై రెండు రూపాయలు తగ్గించవచ్చు. తేనివారికి డిపాజిట్టు పుచ్చుకుని స్టీలు డబ్బా ఇచ్చి, తిరిగి తెచ్చినప్పుడు సొమ్ము వాపసు చేయవచ్చు. సిద్దిపేట ప్రాంతంలో విందులకు స్టీలు పళ్లేలు, గ్లాసులు అద్దెకిచ్చే 'స్టీల్ బ్యాంకులు' నడుపుతున్నారు. అక్కడ మహిళా సంఘాలు చేయగలిగినది ఇక్కడి సంఘాలు చేయలేవా?

ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్ పురపాలకులు 2019లో మరో ప్రయత్నం చేశారు. బస్టాండులో ఒక హోటలు తెరిచి, ఏరుకొచ్చిన ప్లాస్టిక్కు కిలో ఇస్తే భోజనం, అరకిలో ఇస్తే ఫలహారం పెట్టసాగారు. పేదవాడి ఆకలి తీర్చిన మంచి పనే. అయితే ప్లాస్టిక్కు రోడ్డు మీద పడ్డ తర్వాత ఏరటం కంటే పడకుండా చూడటం చవక.

మిగిలిన అన్నం సంగతి చెప్పకపోతే ఈ విషయం సగమే చెప్పినట్లు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 28 శాతం హోటళ్లు, క్యాంటీన్లు, విందు వడ్డనల్లో పోయింది. 60 శాతం ఇళ్లలోనే పోయింది, కనుక హోటళ్ల మీద వేలు చూపేవారు ఒకసారి తమ వంటింటి వైపు కూడ చూసుకోవాలి. కిలో ధాన్యం పండటానికి సగటున 2,500 లీటర్ల నీరు ఖర్చవుతుందని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ అంచనా. తోటపల్లి కాలువ చివరి ఎకరానికి నీరందక రైతు రాత్రుళ్లు గట్టు మీద కాపు కాస్తాడు. ఆ నీటితో పండిన అన్నమే 'ఫుల్ మీల్స్' పేరిట ఆకులో కుమ్మరించి, సగం వదిలేసి, చెత్తబండి ఎక్కుతోంది. సగం భోజనం సగం ధరకు అమ్మితే హోటలుకు నష్టం లేదు. తక్కువ తినే ముసలివారికీ, ఆడవారికీ అదే సదుపాయం.

పూర్వం ప్రతి హోటలు పెరటిలోనూ కుడితి తొట్టి ఉండేది. గంజి, కూరగాయల చెక్కులు, మిగిలిన మెతుకులు అందులో పోస్తే సాయంత్రం పాలవాడు వచ్చి తీసుకెళ్లేవాడు. హోటలుకు చెత్త బాధ తప్పేది, గేదె పాలు పెంచేది. ఈ ఏర్పాటును చంపింది కూడ ప్లాస్టిక్కే. మెతుకుల్లో కవర్లు, చెంచాలు, టూత్‌పిక్కులు కలిసిన తొట్టిని తెలిసి తెలిసి ఏ పాలవాడూ తన గేదె ముందు పెట్టడు. కనుక రెండు డబ్బాలు పెట్టటం అన్నిటికన్నా ముందు జరగవలసిన పని. ఒకటి తినేదానికి, రెండవది తక్కిన చెత్తకు. దీనికి ఇంజనీరు అక్కరలేదు, నిధులు అక్కరలేదు. ఎంగిలాకులు తీసే కుర్రవాడికి ఒక్కసారి చూపిస్తే చాలు. ఆ కుర్రవాడి జీతం ఓ వంద పెంచితే మరీ మంచిది.

రానున్న పెళ్లిళ్ల సీజను లోపలే పురపాలక కమిషనర్లు హోటలు యజమానులను, గిరిజన సహకార సంస్థ అధికారులను, మహిళా సంఘాలవారిని ఒకచోట కూర్చోబెట్టాలి. విస్తరి ధర ఎంత, రోజుకు ఎన్ని కట్టలు కావాలి, ఎవరు తెచ్చి ఎక్కడ దించాలి అనేవి అక్కడే తేలాలి. కవర్లు ఏ గోదాము నుంచి వస్తున్నాయో పోలీసు కుక్క సాయం లేకుండానే హోటలువారు చెప్పగలరు. కాగా, 'క్యారేజీ తెచ్చినవారికి రెండు రూపాయలు తగ్గింపు' అని గల్లాపెట్టె పక్కన ఒక అట్టముక్క కట్టుకోవటానికి ఏ మీటింగూ జరగనక్కరలేదు. రేపు ఉదయమే కట్టవచ్చు.