మొదటి ‘నెగెటివ్‌’ చివరి మాట కాదు

ఉమ్మడి రాష్ట్రంలో 2000ల తొలినాళ్లలో ఊరూరా కనిపించిన ‘పులిరాజా’ హోర్డింగులు గుర్తున్నాయా? ఎయిడ్స్‌ వస్తుందా రాదా అని అవి అడిగాయి. హెచ్‌ఐవీ సోకిందో లేదో ఎప్పుడు తెలుస్తుందన్నది అంతే ముఖ్యమైన ప్రశ్న.

అనుమానం కలిగిన మర్నాడే కొందరు రక్తం ఇచ్చి వస్తారు. ‘నెగెటివ్‌’ అని రిపోర్టు చేతికి రాగానే గండం గడిచిందనుకుంటారు. కానీ మామూలు పరీక్ష నేరుగా వైరస్‌ను వెతకదు. దాన్ని ఎదిరించడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను పట్టుకుంటుంది. అవి తయారవడానికి వారాలు పడుతుంది. నారు పోసిన మర్నాడే మొలక కనిపించదు కదా! ఈ మధ్యకాలమే ‘విండో పీరియడ్‌’. అప్పుడు పరీక్షకు దొరకని వైరస్‌ ఇతరులకు మాత్రం సోకుతుంది. అందుకే గడువు తీరేదాకా దంపతులైనా కండోమ్‌ వాడాలి, రక్తదానం చేయకూడదు.

వేలి నుంచి చుక్క రక్తం తీసి చేసే యాంటీబాడీ పరీక్షకు 90 రోజులు నిండాలి. వైరస్‌లోని పి24 యాంటిజెన్‌ను కూడా వెతికే నాలుగో తరం ల్యాబ్‌ పరీక్షకు 45 రోజులు చాలు. ఈలోగా మళ్లీ ప్రమాదం ఎదురుకాకపోతే, అప్పటి నెగెటివ్‌ను నమ్మవచ్చు. ఇక పదేపదే పరీక్షలంటూ కుమిలిపోనక్కర్లేదు. పాజిటివ్‌ అని కూడా ఒక్క పరీక్షతో తేల్చరు. మూడు రకాల కిట్లతో చూశాకే నిర్ధారిస్తారు.

అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవాల్సింది 72 గంటల లెక్క. సూది గుచ్చుకున్నా, మరోలా ప్రమాదం ఎదురైనా ఆలోపే మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వైరస్‌ సోకకుండా చాలావరకు అడ్డుకోవచ్చు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. ములుగు జిల్లాలో వాజేడు, మంగపేట వంటి దూరపు మండలాల వారు వరంగల్‌ ఎంజీఎంలోని ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లేసరికే గంటలు గడుస్తాయి. ‘రేపు చూద్దాం’ అనుకోకుండా వెంటనే దగ్గర్లోని ప్రభుత్వ వైద్యులను కలవాలి. ఈ మందులు వాడినవారికి చివరి పరీక్ష ఎప్పుడన్నది వైద్యులే చెబుతారు.

చిన్న ఊళ్లో నలుగురికీ తెలిసిపోతుందన్న భయం సహజమే. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. ప్రభుత్వ ఐసీటీసీల్లో పరీక్ష, కౌన్సెలింగ్‌ రెండూ ఉచితం. సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్‌ చేయవచ్చు.

ప్రమాదం జరిగిన తేదీని మాత్రం రాసిపెట్టుకోండి. పరీక్షను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పేది ఆ తేదీయే.