వృద్ధాశ్రమ పరీక్ష

వృద్ధులైన తల్లిదండ్రులను ఆశ్రమంలో చేర్చడమే అధర్మమని కొందరి నిశ్చితాభిప్రాయం. అది సమంజసం కాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం సైతం 3 మాసాల వరకు కారాగారశిక్ష విధించదగినదిగా పేర్కొన్నది పూర్తిగా పరిత్యజించే ఉద్దేశంతో విడిచిపెట్టడాన్నే. అయితే పరీక్షించకుండా చేర్చడం మాత్రం దోషమే.

పదిమంది నివసించే చిన్న ఆశ్రమంలో నిర్వాహకులు ప్రథమంగా చూపేది పూజామందిరం. నమస్కరించి, తదనంతరం స్నానగృహం చూడాలి. నేల జారుతున్నదా? గోడకు పట్టుకొనే కడ్డీ ఉన్నదా? అర్ధరాత్రి తల్లి లేవవలసివస్తే చేయి అందించేదెవరు? పగటి పరిచారిక పేరు చెబితే అది సమాధానం కాదు. మధుమేహం ఉన్న వృద్ధురాలు ఏకాదశి ఉపవాసం చేస్తానంటే, ఆనాటి మాత్రల విషయం వైద్యుని అడిగి నడుచుకొనేవారు ఉండాలి.

ముందుగా తెలుపకుండా భోజనవేళ మరొకసారి వెళ్లాలి. అన్నం మెత్తగా ఉడికినదో లేదో, చేతులు వణికేవారికి తినిపించేవారు తొందరపెడుతున్నారో లేదో అప్పుడే తెలుస్తుంది.