బానెట్ ఎత్తని అభిమానం

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై రెండేళ్లు క్రాంకు గ్రైండింగ్ చేశారు. లారీలవి, ట్రాక్టర్లవి, అంబాసిడర్లవి, చివరి రోజుల్లో మారుతీలవి. పట్టేసిన ఇంజిన్లు ఎక్కడెక్కడి నుంచో విప్పదీసుకుని ఆయన దగ్గరికి తెచ్చేవారు. బడి లేని రోజు నేను క్యారియర్ పట్టుకెళ్లేదాన్ని. అన్నానికి చేతులు కడుక్కుంటూ, బల్ల మీదున్న క్రాంకు చూపించి "గోరు పెట్టి లాగి చూడమ్మా" అనేవారు. బేరింగు కూర్చునే ఆ గుండ్రటి మెడను జర్నల్ అంటారు. దాని మీద గోరు అద్దం మీద జారినట్టు జారితే ఆ క్రాంకు బతికినట్టు. గోరు ఎక్కడైనా తట్టిందా, గీత పడింది, మిషను ఎక్కించాల్సిందే. మొదటిసారి పది థౌ తీసేవారు. రెండోసారికి ఇరవై, మూడోసారికి ముప్ఫై. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఆ పైన అరిగితే చాలా వాటికి బేరింగులే దొరకవు. కాటా మీద పాత ఇనుము కింద పోవడమే.

ఎందుకిలా అయిందని అడిగితే చాలాసార్లు ఒకటే జవాబు: "ఆయిల్ చూసుకోలేదమ్మా."

నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. 1998లో కొన్న మారుతి 800ని ఇవాళ్టికీ నేనే నడుపుతాను. దాని ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు.

రెండు నెలల కిందట హైదరాబాద్ వెళ్తే, మా అక్క కొడుకు ఒక ఆదివారం తెల్లవారుజామున ఔటర్ రింగు రోడ్డు పక్కన కార్ల అభిమానులు కలిసే చోటికి తీసుకెళ్లాడు. నలభై కార్లు ఉంటాయి. ఆ పిల్లలకు కార్లంటే ప్రాణం, అందులో అనుమానం లేదు. ఏ మోడల్లో ఏ గేర్‌బాక్స్ వచ్చిందో, ఏ సంవత్సరంలో ఏ లైటు మారిందో గడగడా చెబుతున్నారు. నాకు ముచ్చటేసింది. టర్బో పెట్రోల్ కారున్న ఒక కుర్రాడు తనది ప్రత్యేకంగా చూపించాడు. ఇంజిన్ కంప్యూటర్‌ను రీమ్యాప్ చేయించి పవర్ పెంచాడు. సైలెన్సర్ మార్చాడు, అలాయ్ వీల్స్ మార్చాడు, ఒళ్లంతా సెరామిక్ కోటింగ్ వేయించాడు. లక్షన్నర దాటిందట ఖర్చు.

"ఆయిల్ ఎప్పుడు మార్పించావు నాన్నా?" అన్నాను.

"సర్వీసు వాళ్లు చూసుకుంటారు ఆంటీ."

బానెట్ ఎత్తమన్నాను. డిప్‌స్టిక్ ఎక్కడుందో వెతుక్కున్నాడు. లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దింపి తీశాం. కొసన తడి లేదు. కింది గీత దాకా కాదు, అసలు తడే లేదు. ఆ కుర్రాడి మొహం పాలిపోయింది. అప్పటికి అరగంట ముందే ఆ కారును మంచి వేగంతో తోలుకుని వచ్చాడు.

ఈ వ్యాసం ఆ కుర్రాణ్ణి తప్పుపట్టడానికి కాదు. బానెట్ ఎత్తడం మనమే అతనికి నేర్పలేదు. నా అభిప్రాయం ఒక్కటే: కారును ప్రేమించడమంటే ముందు దాని ఆయిల్ సంగతి తెలుసుకోవడం. అది తెలియకుండా పెట్టే ఖర్చంతా పైపూత.

మా తాత బండి కట్టే ముందు ఇరుసుకు కందెన పెట్టేవాడు. ఆముదంలో మసి కలిపి, కొమ్ములో పోసి, బండికి వేలాడదీసుకునేవాడు. ఎంత తొందరున్నా కందెన పెట్టకుండా ఎద్దుల్ని పూన్చేవాడు కాదు. ఆ ఆముదమే తర్వాత మోటారు ఇంజిన్లలోకీ వెళ్లింది. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ ఆముదం కలిపి తయారుచేసిన నూనెకు ఆముదం ఇంగ్లీషు పేరు మీదుగానే క్యాస్ట్రాల్ అని పెట్టారు. మా తాతకు కారు అంటే ఏంటో సరిగా తెలియదు గానీ, కందెన ఎందుకో తెలుసు.

ఇంజిన్ లోపల జరిగేది చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. క్రాంకు జర్నల్‌కూ బేరింగుకూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో వందకు మూడు నాలుగు వంతులు. తలవెంట్రుక మందం అంతకంటే ఎక్కువే. ఆ సందులో ఆయిల్ పొర ఉంటుంది. క్రాంకు తిరుగుతుంటే ఆ పొర మీద తేలుతుంది, ఇనుము ఇనుమును తాకదు. 1883లో బీచమ్ టవర్ అనే ఇంగ్లీషు ఇంజినీరు రైలు ఇరుసుల బేరింగుల మీద పరీక్షలు చేస్తూ, నూనె పోయడానికి బేరింగు నెత్తిన ఒక రంధ్రం పెట్టాడు. ఇరుసు తిరగడం మొదలెట్టగానే నూనె ఆ రంధ్రంలోంచే పైకి ఉబికి వచ్చింది. చెక్క బిరడా కొట్టాడు. దాన్నీ తోసేసింది. మీటరు బిగించి చూస్తే, బేరింగు మీద పడుతున్న సగటు ఒత్తిడికి రెట్టింపు పైన ఉంది. తిరిగే ఇరుసే నూనెను తన కిందికి లాక్కుని ఆ బలం పుట్టిస్తోందని 1886లో ఆస్బర్న్ రెనాల్డ్స్ లెక్క కట్టి చూపించాడు. రోజూ మనల్ని మోసేది ఆ పొరే.

అది తిరిగితేనే పుడుతుంది. రాత్రంతా ఆగిన బండిలో ఆయిల్ చాలావరకు కింద సంపులోకి దిగిపోయి ఉంటుంది. పొద్దున స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పంపు దాన్ని పైకి పంపేలోగా అరుగుదల ఎక్కువ. సరిగ్గా అప్పుడే యాక్సిలరేటర్ తొక్కి 'వ్రూమ్' మనిపించడం చూస్తే నా గోటి కింద ఆ గీతలు తగులుతాయి. టర్బో బండికి ఇంకో జాగ్రత్త. టర్బోలోని చిన్న చక్రం నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరగగలదు, ఎగ్జాస్టు వేడి మధ్యలో. దానికి ఆధారం అదే ఆయిల్. హైవే మీద గట్టిగా తోలుకొచ్చి చటుక్కున ఆపేస్తే ఆయిల్ ఆగుతుంది, వేడి ఆగదు. ఒక నిమిషం ఐడిలింగ్‌లో ఉంచి ఆపడం పెద్ద పనేమీ కాదు.

ఎర్ర లైటు గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. డ్యాష్‌బోర్డు మీద నూనె డబ్బా బొమ్మతో వెలిగేది ఆయిల్ తగ్గిందని ముందస్తుగా చెప్పే లైటు కాదు. ఒత్తిడే పడిపోయిందని చెప్పే లైటు. మా తమ్ముడు విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తూ, ఊళ్లోని స్పీడ్ బ్రేకరుకు సంపు తగిలిన సంగతి పట్టించుకోలేదు. కోదాడ దాటాక ఎర్ర లైటు వెలిగింది. సూర్యాపేటలో చూపిద్దాంలే అనుకున్నాడు. సూర్యాపేట రాలేదు. ముందు టకటకమని చప్పుడు, తర్వాత బండి బిగుసుకుపోయి రోడ్డు మధ్యే ఆగింది. సంపు మార్చుకుంటే సరిపోయేదానికి ఇంజిన్ మొత్తం పోయింది. ఆ లైటు వెలిగితే బంకు దాకా, ధాబా దాకా అనుకోకండి. పక్కకు తీసి ఇంజిన్ ఆపండి.

చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజిన్‌కు బలమన్న నమ్మకం మన దగ్గర ఇంకా గట్టిగానే ఉంది. నాన్న రోజుల అంబాసిడర్లకు 20డబ్ల్యూ-40 సరిపోయేది. ఇప్పటి ఇంజిన్లలో సందులు సన్నం, ఆయిల్ దారులు సన్నం. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే, మొదటి అంకె చల్లగా ఉన్నప్పుడు అది ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. రెండోది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కదనం మిగులుతుందో చెబుతుంది. మన ఎండలు చూసి మెకానిక్ చిక్కటిది పోస్తానంటే, బండితో ఇచ్చిన పుస్తకం తెరిచి చూపించండి. ఏది పోయాలో అందులో ఉంటుంది.

కిలోమీటర్లు తిరగలేదు కదా, మార్చడమెందుకంటారు. నా 800 ఎక్కువగా రైతుబజారుకూ గుడికీ తిరుగుతుంది. అంత చిన్న దూరాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, ఆయిల్లో చేరిన తేమ, పెట్రోలు ఆవిరి కావు. అందుకే తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి మార్పిస్తాను. చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డర్ ఇచ్చిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, 1912 నాటిది. చాలా తక్కువ తిరిగిన బండి. దాన్నీ బాగుచేయించాకే మన కళ్ల ముందు పెట్టారు. నిలబెట్టిన బండి కూడా పాడవుతుంది.

ఇంకో బాధ, నకిలీ ఆయిల్. ఖాళీ అయిన కంపెనీ డబ్బాకు ఎవరైనా మంచి ధర ఇస్తున్నారంటే అందులో మళ్లీ ఏదో నింపుతారని అర్థం. ఆయిల్ నా ఎదురుగానే పోయిస్తాను, ఖాళీ డబ్బాకు అక్కడే మేకుతో రెండు చిల్లులు పెట్టి వస్తాను. మెకానిక్ మొదట్లో చిన్నబుచ్చుకున్నాడు, ఇప్పుడు మేకు ఆయనే అందిస్తాడు. దించిన కాలిన ఆయిల్ ఎక్కడికి పోతుందో కూడా అడుగుతాను. దాన్ని కాలువలో పారబోయడం, సెంట్రింగ్ షీట్లకు పూయడం మామూలైపోయింది. 2016 నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యతను తయారీ కంపెనీల మీద పెట్టిన నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మనం అడిగితేనే ఆ నిబంధన మెకానిక్ షెడ్డు దాకా వస్తుంది.

ఆదివారం కార్ల కలయికలు నడిపే పిల్లలకు నాదొక విన్నపం. ఫొటోలకు ముందు, ఇంజిన్లు చల్లారాక, చదునైన నేల మీద అందరూ ఒక్కసారి బానెట్లు ఎత్తండి. ఒకరి డిప్‌స్టిక్ ఒకరు చూడండి. పది నిమిషాల పని. కొత్తగా వచ్చినవాడికి తెలియకపోతే నవ్వకుండా చూపించండి.

ఆ కుర్రాడు సాయంత్రం మా అక్క కొడుక్కి ఫోన్ చేశాడు. కారును ఇంకొక్క కిలోమీటరు కూడా తోలకుండా, ఆయిల్ అక్కడికే తెప్పించి పోయించాడట. పై గీత దాకా రావడానికి లీటరున్నర పట్టింది. ఆ ఇంజిన్‌లో పట్టేదే నాలుగు లీటర్లు.