గద్దెకు నిట్రాడు ఎవరు?

రెండో ఎలిజబెత్ 2022 సెప్టెంబరులో కన్నుమూసినప్పుడు ఆమె ఏలుబడి 70 ఏళ్ల 214 రోజులని లెక్క తేల్చారు. ఫ్రాన్స్‌ను 72 ఏళ్ల 110 రోజులు ఏలిన పద్నాలుగో లూయీ రికార్డు మాత్రం చెక్కుచెదరలేదు. అయితే లూయీ రాజయ్యేనాటికి అయిదేళ్లు కూడా నిండలేదు. 1661లో మంత్రి మజారిన్ పోయేదాకా పగ్గాలు పిల్లవాడి చేతికి రానేలేదు. అంటే ఆ 72లో 18 ఏళ్లు వేరేవాళ్లవి! ఏలుబడి పొడవు చూసి రాజు దిట్ట అనుకోవడం, పూరిల్లు నిలబడింది కప్పువల్లే అనుకోవడం లాంటిది. నిట్రాడు ఎవరిదో చూడాలి.

ఏలేశ్వరం దాటి అడ్డతీగల వైపు కొండలెక్కితే ఆ నిట్రాడు కథ మనకే ఉంది. ఈ రంప మన్యాన్ని మన్సబుదారు ఏలేవాడు. ఆయన కింద ముఠాదారులు. ముఠా అనగానే ఇప్పుడు మనకు గుర్తొచ్చేది వేరు గానీ, మన్యంలో అది కొన్ని ఊళ్ల కట్టు. 1813లో ఈస్టిండియా కంపెనీ మన్సబుదారు రామభూపతి దేవుతో ఒప్పందం చేసుకుంది. శాంతిభద్రతలు ఆయన చూడాలి, ప్రతిగా ఊళ్లు అనుభవించాలి. 1835లో ఆయన పోయాడు. మిగిలింది ఒక కూతురు, పెళ్లి బయటి సంబంధంలో పుట్టిన ఒక కొడుకు.

మొదట కూతుర్నే గద్దెమీద కూర్చోబెట్టారు. కొన్నేళ్లకే ఆమె నడతకు వంక పెట్టి ముఠాదారులు ఆమెనూ, ఆ కొడుకునూ తరిమేశారు. కంపెనీ మాట సాయంతో 1848లో ఆ కొడుకు మన్సబుదారుగా తిరిగొచ్చాడు. ఇంగ్లండు రాజు రెండో ఛార్లెస్‌కు ఇలాగే పుట్టిన మన్మత్ ప్రభువు, గద్దె నాదన్నందుకు 1685లో తల పోగొట్టుకున్నాడు. రంపలో అటువంటి కొడుక్కే పట్టం దక్కింది. పుట్టుక అడ్డు కాలేదు. ముఠాదారులు ఒప్పుకున్నారు, కంపెనీ సరేనంది, అంతే.

పక్కనున్న గొలుగొండ కథ ఇంకా కటువు. 1836లో అనంత భూపతిని దించి, అంతకుముందటి జమీందారు భార్య జమ్మ దేవతను కంపెనీ నిలబెట్టింది. ముఠాదారులను మాటమాత్రంగానైనా అడగలేదు. ఆడది మమ్మల్ని ఏలడమేమిటని వాళ్లు ఆమెను చంపేశారు. ఇదంతా కొండవాళ్ల మోటుతనమని ఆనాటి తెల్లదొరలు రాసుకుని ఊరుకోవచ్చు. సరిగ్గా మరుసటి ఏడాది, 1837లో, వాళ్లింట్లో జరిగిందేమిటి? విక్టోరియా బ్రిటన్‌కు రాణి అయింది గానీ, అప్పటిదాకా అదే రాజు కింద ఉన్న జర్మనీలోని హానోవర్ ఆమెకు దక్కలేదు. మగ వారసుడుండగా ఆడపిల్లకు గద్దె లేదన్న పాత కట్టు ప్రకారం అది చిన్నాన్న ఎర్నెస్ట్ అగస్టస్‌కు పోయింది. స్పెయిన్‌లోనైతే పసిపిల్ల ఇసబెల్లాను రాణిని చేసినందుకు 1833 నుంచి ఏళ్లతరబడి అంతర్యుద్ధమే నడిచింది. తమ్ముడు పుడితే అక్క వెనక్కి జరగాలన్న పద్ధతిని బ్రిటన్ మార్చుకోవడానికి 2013లో చట్టం చేయాల్సొచ్చింది. జమ్మ దేవత హత్యను ఇదేమీ మాపదు. కానీ కొండకొక న్యాయం, లండనుకొక న్యాయం అని వేరు చేసి రాయడం నాకు మింగుడుపడదు.

రంప మన్సబుదారు గద్దెనెక్కిన 1848లోనే, 18 ఏళ్ల ఫ్రాంజ్ జోసెఫ్ ఆస్ట్రియా చక్రవర్తి అయ్యాడు. తిరగబడిన హంగేరీని అణచడానికి మరుసటి ఏడాది రష్యా జారు సైన్యం దిగాల్సొచ్చింది. ఆ అరువు నిట్రాడు మీద మొదలైన ఏలుబడి 1916 దాకా, దాదాపు 68 ఏళ్లు సాగింది.

రంపలోనూ అరువు నిట్రాడే. తేడా ఏమిటంటే, ఇక్కడి మన్సబుదారు తాను కాలు మోపిన నేలనే తవ్వుకున్నాడు. కల్లు మీద చిగురుపన్ను అప్పటికే ఉంది. జీలుగు చెట్టు గీసి తాగడం మన్యంలో వ్యసనం కాదు, తిండిలో భాగం. సర్కారు ఇంటివాడకానికి కూడా కల్లు గీయకూడదని ఆంక్ష పెట్టి గుత్తకిచ్చింది. ఆపైన మన్సబుదారు మొదలుపన్ను అంటూ ఇంకొకటి తగిలించబోయాడు. 1879 మార్చిలో రంప భగ్గుమంది. ఏప్రిల్‌లో తిరుగుబాటు నాయకుడు ద్వారబంధాల చంద్రయ్య మనుషులు అడ్డతీగల పోలీసు స్టేషన్‌ను తగలబెట్టారు. తిరుగుబాటును అణచడానికి పటాలాలు వచ్చాయి. అవి వచ్చింది సర్కారు అధికారం కోసం. మన్సబుదారు కోసం కాదు. ఆయన్ను తీసేశారు, ముఠాదారులను నేరుగా సర్కారు కిందికి తెచ్చుకున్నారు. 31 ఏళ్ల ఏలుబడి అలా తెగింది.

నిట్రాడు పైనుంచి దిగిందన్న సంగతి మన్యం మరిచిపోలేదు. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు దళం వెళ్లింది ఏ రాజు కోట మీదికీ కాదు, అదే అడ్డతీగల పోలీసు స్టేషన్ మీదికి. చివరికి 1969లో ఒక రెగ్యులేషన్‌తో ముఠాలను రద్దు చేసి, భూముల్ని రైత్వారీలోకి మార్చారు. సంస్థానాధీశుల రాజభరణాలు రద్దయింది ఆ తర్వాత రెండేళ్లకు, 1971లో. మహారాజుల కంటే ముందే ముఠాదారుల వారసత్వానికి తెర పడింది.